కారు అమ్మితే కళ్ళు బాగుపడవు

ప్రశ్న: నాకు 72 ఏళ్ళు. డాలస్ దగ్గర ప్లానోలో ఉంటున్నాం. నా దగ్గర 1999 మోడల్ మాజ్డా మియాటా ఉంది. టాప్ దించే రెండు సీట్ల బండి, ఐదు గేర్ల మాన్యువల్. పిల్లల చదువులయ్యాక 2004లో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. ఆయిల్ మార్చడం దగ్గర్నుంచి అన్నీ నేనే చేసుకుంటాను. ఈ మధ్య క్లచ్ తొక్కేటప్పుడు ఎడమ మోకాలు పట్టేస్తోంది. రాత్రిపూట ఎదురు లైట్లు కళ్ళలో పొడుస్తున్నాయి. షుగరుకి మాత్రలు వాడుతున్నాను. మొన్న రివర్స్ చేస్తూ మెయిల్‌బాక్స్‌ని గుద్దాను. అప్పట్నించీ మా అబ్బాయి "అది అమ్మేసి పెద్ద బండి, టొయోటా హైల్యాండర్ ఒక్కటే ఉంచుకోండి నాన్నా" అని పోరుతున్నాడు. మా ఆవిడ ఆ కారెక్కి రెండేళ్ళయింది, పోతే పీడా పోతుందంటుంది. 17 ఏళ్ళ మనవడు తనకిమ్మంటున్నాడు. అది కూడా పోతే ఇక నేను ముసలాణ్ణి అయిపోయినట్టే అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు ఒక ప్రశ్న అడిగాననుకుంటున్నారు గానీ, ఇందులో మూడున్నాయి. అసలు మీరు డ్రైవింగ్ చెయ్యొచ్చా? చెయ్యొచ్చు సరే, ఈ బండి నడపొచ్చా? అదీ సరే, పాతికేళ్ళు దాటిన బండిని ఇంకా మీరే కింద దూరి సాకగలరా? ఇంట్లోవాళ్ళు మూడింటినీ కలిపి ముద్ద చేసి "అమ్మేయండి" అంటున్నారు. మీరేమో దాన్ని "నీ పనైపోయింది" అని వింటున్నారు. మొదటిదానికి కాదని తేలితే మిగతా రెండూ అడగక్కర్లేదు. మూడోదానికి మాత్రమే కాదని తేలితే మంచి మెకానిక్ ఒకడు దొరికితే చాలు, కారు ఎక్కడికీ పోనక్కర్లేదు.

మీ అబ్బాయి భయం నిజమే, మందే తప్పు. రాత్రి మియాటాలో కనబడని రోడ్డు హైల్యాండర్‌లోనూ కనబడదు. పైగా మీ మియాటా బరువు వెయ్యి కిలోలకి కాస్త పైన, హైల్యాండర్ దానికి దాదాపు రెట్టింపు. చూపు తేడాగా ఉన్న మనిషి చేతికి రెట్టింపు బరువున్న బండిచ్చి ఊపిరి పీల్చుకోవడం ఇంట్లోవాళ్ళకి మనశ్శాంతి, రోడ్డు మీదవాళ్ళకి కాదు. కాబట్టి కారు సంగతి కాసేపు పక్కన పెట్టి ముందు కళ్ళ సంగతి చూద్దాం.

ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనబడుతున్నాయా? పగలు కూడా ఎండలో చూపు తెల్లగా అలుక్కుపోతోందా? అయితే శుక్లాలు కావచ్చు. షుగరుంది కాబట్టి రెటీనా కూడా చూపించుకోవాలి. కళ్ళజోళ్ళ షాపులో నంబరు చూసి పంపే పరీక్ష దీనికి చాలదు. కంటి పాపలు పెద్దవి చేసే చుక్కలు వేసి, లోపల చూసే డాక్టరు కావాలి. వెళ్ళినప్పుడు "చూపు కొంచెం తగ్గింది" అనకండి. "రాత్రిపూట ఎదురు బండి దాటాక రెండు మూడు సెకన్లు లేన్ గీతలు కనబడటం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. శుక్లాలే అయితే ఆపరేషన్ తర్వాత చాలామందికి ఈ బాధ బాగా తగ్గుతుంది. అంతవరకూ చీకటి పడ్డాక రెండు కార్లలో ఏదీ తియ్యొద్దు. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు కళ్ళద్దాల జోలికి పోకండి, అసలే తక్కువగా ఉన్న వెలుతుర్ని అవి ఇంకా తగ్గిస్తాయి.

తప్పంతా కళ్ళ మీదే వెయ్యకముందు బండి హెడ్‌లైట్లు కూడా ఓసారి చూడండి. 1997 దాకా వచ్చిన మియాటాలకి పైకి లేచే గాజు లైట్లుండేవి. మీ మోడల్‌కి ప్లాస్టిక్ కవర్లు. పాతికేళ్ళ టెక్సాస్ ఎండకి అవి పచ్చబడి, మసకేసి ఉంటాయి. బల్బు ఎంత మంచిదైనా వెలుగు ముందుకు పోకుండా ఆ మసకలోనే చెదిరిపోతుంది. చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించి, 800 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 1000, 2000, 3000 వరకూ తడుపుతూ రుద్దాలి. ఒక్కో నంబరుకీ దిశ మార్చితే పాత గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. 2000 అయ్యేసరికి లెన్సు పాలనురుగులా తెల్లగా అవుతుంది, పాడుచేశానేమో అని కంగారు పడక్కర్లేదు, పాలిష్ పట్టగానే తేటపడుతుంది. చివర్న యూవీ కోటింగ్ వెయ్యకపోతే మాత్రం కొన్ని నెలల్లోనే మళ్ళీ పచ్చబడుతుంది. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి అయిపోయే పని. ఆపైన కూడా ఎదురు లైట్లు కళ్ళలో పొడుస్తుంటే అది చాలావరకు కంటి సమస్యే అయ్యుంటుంది.

షుగరు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లైబ్యురైడ్ లాంటివి ఉంటే జాగ్రత్త. బయల్దేరేముందు మీటరు చూసుకోండి. 70 కంటే తక్కువుంటే స్టీరింగ్ ముట్టుకోవద్దు. 90 లోపుంటే ఏదైనా తిని, పావుగంటాగి మళ్ళీ చూసుకోండి. టాప్ దించిన బండిలో ఇంకో చిక్కుంది. షుగరు పడితే పట్టే చెమటనీ, నీరసాన్నీ ఎండవల్లే అనుకుని ముందుకు పోతారు. గ్లూకోజ్ బిళ్ళలు చెయ్యి చాపితే అందేచోట పెట్టుకోండి, వెనక డిక్కీలో కాదు. చలికాలంలో సీడర్ పుప్పొడికి తుమ్ములొస్తే బెనడ్రిల్ వేసుకుని బండి తియ్యొద్దు. ముందు రాత్రి వేసుకున్నా మర్నాడు పొద్దున మత్తు మిగలొచ్చు. మత్తు తక్కువుండే ఎలర్జీ మందేదో మీ డాక్టర్ని అడగండి.

ఇక మోకాలు. ఇందులో ఎంత మోకాలిది, ఎంత బండిది అన్నది తేల్చుకోవాలి. పెడల్ దాదాపు నేల దాకా తొక్కితేగానీ గేరు సాఫీగా పడటం లేదా? అయితే మోకాలు ప్రతిసారీ అవసరానికి మించి చాచాల్సి వస్తోందన్నమాట. మియాటాల్లో ఇది తెలిసిన జబ్బే. గేర్‌బాక్స్ కుడివైపున, క్లచ్‌ని కదిలించే చిన్న స్లేవ్ సిలిండర్ ఉంటుంది, అది కారుతుంది. దాని రబ్బరు తొడుగు కొంచెం లేపి చూస్తే లోపల తడి కనబడుతుంది. క్లచ్ రిజర్వాయర్‌లో ఆయిల్ నల్లబడి, మట్టం తగ్గి ఉన్నా అదే గుర్తు. స్లేవ్ ఒక్కటే మారిస్తే కొద్ది రోజులకే పైనున్న పాత మాస్టర్ సిలిండర్ కారడం మొదలుపెట్టడం మామూలు, రెండూ కలిపి మార్పించండి. పెద్ద ఖర్చు కాదు. తర్వాత పెడల్ పైనే క్లచ్ పట్టేలా సరిచేయించుకుంటే మోకాలికి కొంత ఊరట. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చునే అలవాటుంటే మానేసి న్యూట్రల్‌లో పెట్టండి. సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆఫీసులు వదిలే వేళ ఈ బండితో మీరెళ్ళక్కర్లేదు. అక్కడ మైలుకి ముప్పైసార్లు క్లచ్ తొక్కాలి, అందులో ఆనందమూ లేదు.

ఇవన్నీ చేశాక కూడా, నొప్పి భయానికి క్లచ్ సగమే తొక్కి గేరు మారుస్తున్నా, బ్రేకు మీద కాలు పడటం ఆలస్యమవుతున్నా ఈ బండి మీకిక వద్దు. మోకాలు మార్పిడి చేయించుకుంటే మళ్ళీ ఎప్పుడు నడపాలో సర్జన్ చెప్పాలి. "మాన్యువల్ కారండీ, ఎడమ కాలు కూడా పనిచెయ్యాలి" అని మీరే చెప్పండి. ఆటోమేటిక్ అనుకునే జవాబు చెప్తారు.

సీటు దగ్గర చిన్న కొలత ఒకటుంది. స్టీరింగ్ మధ్యభాగానికీ మీ ఛాతీకీ కనీసం 10 అంగుళాలుండాలి, లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి. స్టీరింగ్ పైఅంచు మీదుగా కనీసం 3 అంగుళాల ఎత్తునుంచి రోడ్డు కనబడాలి. మీ బండిలో స్టీరింగ్ పైకీ కిందకీ జరగదు. మోకాలు నొప్పికని సీటు ముందుకి లాక్కుని ఉంటే ఆ 10 అంగుళాలు పోయి ఉంటాయి. టేపు పెట్టి చూడండి. ఎత్తు కోసం మెత్తటి దిండు వేసుకోకండి, గుద్దుకున్నప్పుడు అది నలిగి, మనిషి బెల్టు కిందనుంచి జారిపోతాడు.

మెయిల్‌బాక్స్ గురించి. టాప్ వేసి ఉన్నప్పుడు మియాటాలో వెనక మూలలు రెండూ దాదాపు గుడ్డివే. మెడ పూర్తిగా తిరిగే వయసులో అది తెలియదు. మీ ఆవిణ్ణో అబ్బాయినో కారు చుట్టూ మెల్లగా నడవమని, మీరు సీట్లో కూర్చుని అద్దాల్లోనే చూడండి. మనిషి ఎక్కడ మాయమవుతున్నాడో అదే మీ గుడ్డిచోటు. ఎడమ అద్దం సరిచేసేటప్పుడు తల ఎడమ కిటికీకి ఆనించి, మీ కారు అంచు కనబడీ కనబడనంత బయటికి తిప్పండి. కుడి అద్దానికి తల కారు మధ్యకి వంచి అలాగే చెయ్యండి. మామూలుగా కూర్చుంటే సొంత కారు కనబడదు, మొదటి వారం విచిత్రంగా ఉంటుంది. కానీ పక్క లేన్ బండి లోపలి అద్దంలోంచి తప్పుకోకముందే పక్క అద్దంలోకి వచ్చేస్తుంది. రివర్స్‌కి నంబర్ ప్లేటు దగ్గర బిగించే కెమెరా పెట్టించుకోండి. పాత బండి అందం చెడుతుందని కొందరు ఒప్పుకోరు. మెయిల్‌బాక్స్ స్థానంలో పక్కింటి పాప ఉంటే అందం ఎవరికి గుర్తుంటుంది?

ఇంత చేశాక కూడా "నేను బాగానే నడుపుతున్నాను" అన్న మీ మాటా, "నాన్న ఇక నడపలేరు" అన్న మీ అబ్బాయి మాటా రెండూ మాటలే. కొలత కావాలి. అమెరికాలో దీనికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళున్నారు. సీడీఆర్‌ఎస్ (సర్టిఫైడ్ డ్రైవర్ రిహాబిలిటేషన్ స్పెషలిస్ట్) అంటారు, చాలామంది ఆక్యుపేషనల్ థెరపిస్టులే. పెద్ద రిహాబ్ ఆస్పత్రుల్లో అడిగితే చెప్తారు, మీ డాక్టరు కూడా రాసిస్తారు. ముందు గదిలో చూపు, మెడ తిరగడం, కాళ్ళ బలం, ఎంత వేగంగా స్పందిస్తున్నారు, ఒకేసారి రెండు విషయాల మీద మనసు పెట్టగలరా అన్నవి చూస్తారు. తర్వాత తమవైపు కూడా బ్రేకున్న బండిలో రోడ్డు మీదకి తీసుకెళ్తారు. ఎదురు ట్రాఫిక్‌ని దాటుకుంటూ ఎడమవైపు తిరగడం తప్పకుండా గమనిస్తారు, వయసు మళ్ళినవాళ్ళ ప్రమాదాలు ఎక్కువగా జరిగేది అక్కడే. ఖర్చు కొన్ని వందల డాలర్లు, పెద్దవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు. అయినా చేయించుకోండి. "పగలు మాత్రమే", "హైవే వద్దు", "ఆటోమేటిక్ అయితే పర్వాలేదు" అని వాళ్ళు విడివిడిగా రాసిస్తారు. ఇంట్లో ఆర్నెల్లు వాదించుకున్నా తేలనిది ఆ కాగితం మీద తేలుతుంది.

లైసెన్సు ఉందిగా అంటారేమో. టెక్సాస్‌లో 79 నుంచి ప్రతి రెన్యూవల్‌కీ స్వయంగా వెళ్ళి కళ్ళ పరీక్ష చేయించుకోవాలి, 85 నుంచి రెండేళ్ళకోసారి. అంటే 72లో మీ జేబులో ఉన్న కార్డు మీ కళ్ళ గురించి ఈరోజు ఏమీ చెప్పదు.

మీ కారు గురించి కూడా ఎవరూ ఏమీ చెప్పరు. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత వాహనాలకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. మీ కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష ఉంది గానీ అది 24 ఏళ్ళ వరకే, మీ బండి దాన్నీ దాటేసింది. ఇక ఏడాదికోసారి బ్రేకులూ టైర్లూ చూసే పరాయి కళ్ళు లేవు. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరస చివర్న నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారీ. తక్కువ తిరిగే బండి టైర్లు అరగవు, ఎండిపోతాయి. పదేళ్ళు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చేయండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి. టైమింగ్ బెల్టు 60 వేల మైళ్ళకి మార్చాలి. మైళ్ళు రాకపోయినా రబ్బరు వయసు ఆగదు, మీరు మార్చి ఎన్నేళ్ళయిందో బిల్లు తీసి చూడండి. వాటర్ పంపు అక్కడే ఉంటుంది, అదీ అప్పుడే మార్పించండి. సీట్ల వెనక టాప్ నీళ్ళు దిగే గొట్టాల్లో ఆకులూ చెత్తా పేరుకుంటే నీళ్ళు తలుపు కింది పెట్టెల్లోకి చేరి, లోపలినుంచి తుప్పు పడుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. మెత్తటి నైలాన్ తీగ పంపి శుభ్రం చెయ్యండి, కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే గొట్టం ఊడుతుంది.

వీటిలో పైనుంచి చేసేవి మీరు చేసుకోండి. కింద దూరే పనులు మాత్రం ఇక ఒక్కరే చెయ్యొద్దు. ఈ బండి ఆయిల్ ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఎక్కడో దాక్కుని ఉంటుందని మీకు నేను చెప్పాలా! ఉత్త జాకీ మీద ఎప్పుడూ వద్దు, స్టాండ్లు ఉండాలి, ఇంట్లో మనిషుండాలి, ఫోను షర్టు జేబులో ఉండాలి. లేదా ఆ ఒక్క పనికీ షాపుకిచ్చెయ్యండి.

మనవడికి ఇప్పుడు ఇవ్వకండి. తేలికైన బండి, వెనక చక్రాలకి పవరు, వాన పడితే తోక తిరుగుతుంది. ఈ మోడల్‌కి బండి జారకుండా పట్టే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. అమెరికాలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయిందే 2012 మోడల్ నుంచి. కొత్తగా నేర్చుకునే 17 ఏళ్ళ కుర్రాడికి ఇది మొదటి కారు కాకూడదు. ఖాళీ పార్కింగ్ స్థలంలో క్లచ్ వదలడం నేర్పండి, శనివారాలు గొట్టాలు శుభ్రం చెయ్యడానికి పిలవండి. ఓ అయిదారేళ్ళాగి ఇంకా కావాలంటే అప్పుడు చూద్దురుగాని. తాత నుంచి మనవడికి బహుమతిగా ఇస్తే టెక్సాస్‌లో సేల్స్ టాక్స్ బదులు 10 డాలర్ల గిఫ్ట్ టాక్సే. 14-317 నంబరు అఫిడవిట్, 130-యు ఫారం, సంతకం పెట్టిన టైటిల్ (బండి యాజమాన్య పత్రం) పట్టుకుని మీ ఇద్దరిలో ఒకరు కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్ళాలి.

మీ అబ్బాయితో మాట్లాడేటప్పుడు "నా సంగతి నాకు తెలుసు" అని మొదలుపెట్టకండి. "నువ్వు ఏం చూశావు? ఎక్కడ, ఎప్పుడు?" అని అడిగి, చెప్పింది మధ్యలో ఆపకుండా వినండి. మెయిల్‌బాక్స్ ఒక్కటే అయితే తనలో ఉన్నది భయం. స్టాప్ సైన్ దాటేశారు, తెలిసిన దారిలో తికమకపడ్డారు, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కారు లాంటివి చెప్తే మాత్రం అది ఈ కారుకి సంబంధించింది కాదు. రెండు కార్లూ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ తర్వాత ఓ కాగితం మీద షరతులు మీ చేత్తోనే రాయండి. రాత్రి నడపను, వానలో తియ్యను, ఏడాదికోసారి కళ్ళూ బండీ చూపిస్తాను, ఏడాదిలో ఇంకో రెండు గీతలు పడితే, లేదా థెరపిస్టు వద్దంటే, నెలలోపు అమ్మేస్తాను. సంతకం మీది, సాక్షి మీ అబ్బాయి. ఆ రోజు వస్తే వాదన ఉండకూడదు. వాదించే స్థితిలో ఉన్నప్పుడే రాసుకోవాలి ఇది.

అమ్మకుండా, నడపకుండా గరాజ్‌లో గుడ్డ కప్పి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ దారి. బ్యాటరీ చస్తుంది, పెట్రోలు చెడుతుంది, సీళ్ళు ఎండుతాయి, ఎలకలు వైర్లు కొరుకుతాయి. రెండేళ్ళ తర్వాత అదే బండి సగం ధరకి పోతుంది, మీ కళ్ళముందు పాడైన బాధ అదనం. ఉంచుకుంటే రెండు వారాలకోసారైనా అరగంట రోడ్డు మీద తిప్పండి, గరాజ్‌లో స్టార్ట్ చేసి ఆపెయ్యడం లెక్కలోకి రాదు. ఇన్సూరెన్స్‌ని పాత కార్లు దాచుకునేవాళ్ళకిచ్చే, ముందే ధర ఒప్పుకునే కలెక్టర్ పాలసీకి మార్చుకోండి. రోజువారీకి హైల్యాండరుంది, బండి గరాజ్‌లో ఉంటుంది కాబట్టి సాధారణంగా ఇస్తారు. అమ్మాల్సి వస్తే 22 ఏళ్ళ బిల్లులన్నీ తేదీలవారీగా ఫైలు చెయ్యండి, ఈ బండికి వాటికి మించిన ప్రకటన లేదు. కొనేవాడితో కలిసి కౌంటీ ఆఫీసుకెళ్ళి టైటిల్ మార్పించండి, ప్లేట్లు విప్పుకోండి, అమ్మినట్టు రాష్ట్రానికి నోటిఫికేషన్ పంపండి. క్లచ్ ఒక్కటే అడ్డమైతే మియాటాల్లోనే ఆటోమేటిక్ కూడా ఉంది. కానీ దానిలోకీ ఇలాగే కిందకి దిగాలి. నడుమూ తుంటీ కూడా మొరాయిస్తుంటే కాస్త ఎత్తుగా కూర్చునే మినీ కూపర్ కన్వర్టిబుల్ లాంటిది ఒక వారాంతం అద్దెకి తెచ్చి చూడండి.

మీ ఆవిడ సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు. రెండేళ్ళుగా ఎందుకు ఎక్కడం లేదో అడిగారా? కారు మీద కోపమా, లేక దిగేటప్పుడు మోకాళ్ళ మీద లేవలేక నలుగురిలో సిగ్గుగా ఉందా? రెండోదైతే దారుంది. టాప్ దించండి, సీటు పూర్తిగా వెనక్కి జరపండి, తలుపు బార్లా తెరవండి. ఎక్కేటప్పుడు మొదట సీటుకి వీపు పెట్టి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పాలి. దిగేటప్పుడు దానికి ఉల్టా, రెండు పాదాలూ నేల మీద ఆనాకే లేవాలి. తలుపు గడియ పడే ఇనుప కొక్కెంలో పెట్టి పట్టుకునే చేతిపిడి అమ్ముతారు, మీ బండికి సరిగ్గా కూర్చుంటుందో లేదో ముందు చూసి తీసుకోండి. మొదటిసారి ఇంటి ముందే, ఎవరూ చూడనప్పుడు ప్రయత్నించండి. ఆవిడకి కుదిరితే ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, టోల్‌వే ఎక్కకుండా లోపలి రోడ్ల మీద ఫ్రిస్కో హనుమాన్ గుడి దాకా వెళ్ళి రండి. గుడి దగ్గర దిగేటప్పుడు మీరు ముందు దిగి అటువైపు వెళ్ళి చెయ్యందించండి.